బోర్ చేయించిన ఇంజన్‌కి మొదటి స్టార్ట్ ముందే ఆయిల్ ప్రెషర్ ఎలా తెప్పించాలి?

సెమిలిగుడ పికప్:

అన్నలందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. మహీంద్రా పికప్ ఉంది, పాత డిఐ ఇంజన్, 2523 సిసి, టర్బో ఉంది కానీ కామన్ రైల్ కాదు, డీజిల్ పంపు మెకానికల్‌దే. కుందులి సంతలో అల్లం ఎత్తుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వేస్తుంటాను. పోయిన ఎండాకాలం నుంచి ఆయిల్ తాగడం మొదలెట్టింది, ఘాట్ ఎక్కుతుంటే వెనక బండివాడికి దారి కనపడనంత పొగ. సరేనని ఇంజన్ దింపించేశాను. కొత్త లైనర్లు, పిస్టన్ సెట్లు పడ్డాయి, క్రాంకు గ్రైండింగ్ చేసి అండర్‌సైజ్ బేరింగులు వేశారు, ఆయిల్ పంపు కూడా కొత్తదే.

ఇంజన్ బిగించడం దసరాకి ముందే అయిపోయింది. డీజిల్ పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కాలిబ్రేషన్‌కి విశాఖపట్నం పంపితే అక్కడ బాగా ఆలస్యమై ఇప్పటికి వచ్చాయి. ఇన్నాళ్లూ ఇంజన్ కదలకుండా షెడ్‌లోనే ఉంది. బిగించేటప్పుడు బేరింగులకి రాసిన ఆయిల్ ఈపాటికి కిందికి జారిపోయి ఉంటుందని నా టెన్షన్. మా మేస్త్రీ పనిమంతుడు, నాకు ఆయన మీద నమ్మకం ఉంది, కానీ ఈ విషయంలో మాత్రం ఆయిల్ పొయ్యి, సెల్ఫ్ కొట్టు, ఆయిల్ లైటు అదే ఆరిపోతుంది అంటున్నాడు. మా బావేమో సెల్ఫ్ కూడా ఎందుకు, పల్లంలో గేరు వేసి వదిలెయ్ అంటాడు. వీడియోల్లో చూస్తే పెట్రోల్ ఇంజన్లకి డిస్ట్రిబ్యూటర్ పీకేసి ఆ కన్నంలోంచి డ్రిల్ మిషన్‌తో ఆయిల్ పంపు తిప్పి ప్రెషర్ తెప్పిస్తున్నారు. నా డీజిల్‌కి డిస్ట్రిబ్యూటరే లేదు కదా, మరి మనలాంటివాళ్లు ఏం చేయాలి? శుక్రవారం సంతకి బండి కావాలి, కానీ దాని కోసం తొందరపడి ఇంత డబ్బు పోసిన ఇంజన్‌ని పాడు చేసుకోలేను.

సాలూరు లారీ షెడ్:

తమ్ముడూ, ముందు మీ బావ మాట వినకు. తోసి స్టార్ట్ చేయడం పాత ఇంజన్‌కి బ్యాటరీ లేనప్పుడు చేసే పని. పల్లంలో క్లచ్ వదిలావంటే బేరింగుల్లో చుక్క ఆయిల్ లేకుండానే ఇంజన్ ఒక్కసారిగా వెయ్యి ఆర్‌పీఎం దాటిపోతుంది, పైగా బండి బరువంతా దాని మీదే ఉంటుంది.

బేరింగుకీ క్రాంకుకీ మధ్య సందు మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క, సుమారు ఐదారు వందో వంతులు అనుకో. ఇంజన్ తిరిగేటప్పుడు క్రాంకు ఆ సందులో ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది, ఇనుము ఇనుముకి తగలదు. ఆ పొర లేకుండా ఇంజన్ ఫైర్ అయితే మంట దెబ్బ మొత్తం పిస్టన్ మీంచి కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మీదికి నేరుగా వస్తుంది. కొత్త బేరింగ్ మీద ఉండే మెత్తటి పూత గీసుకుపోవడానికి ఎక్కువసేపు పట్టదు. ఆ రోజు ఏమీ తెలియదు, బండి బాగానే నడుస్తుంది, కొన్ని నెలలు పోయాక ఇంజన్ వేడెక్కినప్పుడు ప్రెషర్ పడిపోవడం మొదలవుతుంది, అప్పుడు అందరూ లేత్‌వాడిని తిడతారు.

నీ ఇంజన్‌కి మార్గం ఏంటంటే, ఫైర్ కాకుండా సెల్ఫ్‌తో తిప్పడమే. నాజిల్స్ ఇంకా పెట్టకపోతే పెట్టకు, అదే నీకు కలిసొచ్చింది. నాజిల్ కన్నాలు తెరిచి ఉంటే కంప్రెషన్ ఉండదు, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, సెల్ఫ్ మోటారు మీదా బ్యాటరీ మీదా భారం పడదు, అన్నిటికంటే ముఖ్యంగా బేరింగుల మీద బరువు పడదు. కన్నాల మీద శుభ్రమైన గుడ్డ పరిచి ఉంచు, లోపల ఒక్క ఇసుక రవ్వ పడకూడదు, అలాగని గుడ్డని కన్నంలోకి కుక్కకు. డీజిల్ పంపు బిగించేసి ఉంటే డీజిల్ ఆపే స్టాప్ లివర్ ఆఫ్‌లోనే ఉంచు, కరెంటు సోలనాయిడ్ ఉన్న రకమైతే దాని వైరు పీకెయ్. బ్యాటరీ ఫుల్ ఛార్జి చేయించుకో. పది పదిహేను సెకన్లు కొట్టడం, ఒక నిమిషం పైనే ఆపడం, మళ్లీ కొట్టడం. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటారు వైండింగ్ కాలిపోతుంది.

ఆయిల్ లైటు వైరు ఉన్న స్విచ్ విప్పి ఆ చోట మామూలు మెకానికల్ గేజ్ బిగించు. మర సరిపోయేది చూసి తెచ్చుకో, ఒక మర కన్నంలో ఇంకో మర బలవంతంగా ఎక్కిస్తే బ్లాకులో ఆ కన్నం పోతుంది. ఇంజన్ పైనున్న ట్యాపెట్ కవర్ తీసి ఉంచు. గేజ్ ముల్లు లేవాలి, దాని కింద వాల్వుల్ని నొక్కే రాకర్ల దగ్గర ఆయిల్ కారాలి. ఈ రెండూ కళ్లతో చూసేదాకా నాజిల్స్ ఎక్కించొద్దు.

రాయగడ ట్రాన్స్‌పోర్ట్:

మా దగ్గర ఎప్పటినుంచో లారీలు ఉన్నాయి, ఎన్నో ఇంజన్లు బోర్ చేయించాం, ఎవరూ ఇంత పని పెట్టుకోలేదు. ఆయిల్ పోసి సెల్ఫ్ కొట్టడమే, అన్నీ లక్షల కిలోమీటర్లు నడిచాయి. మేస్త్రీ బిగించేటప్పుడు ఆయిల్ దట్టంగా రాస్తే చాలు. చిన్నవాళ్లని అనవసరంగా భయపెట్టకండి.

సాలూరు లారీ షెడ్:

అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీ షెడ్‌లో పని జరిగే తీరు వేరు. అక్కడ పొద్దున ఛాంబర్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) బిగిస్తే సాయంత్రానికి ఇంజన్ స్టార్ట్ అవుతుంది, రాసిన ఆయిల్ ఇంకా తడిగానే ఉంటుంది, పంపులో కూడా ఆయిల్ నింపే పెట్టి ఉంటారు. ఈ తమ్ముడి ఇంజన్ దసరా నుంచి కదల్లేదు. ఆ తేడా చిన్నది కాదు. పైగా ఖర్చు చూడండి, ఒక గేజ్, ఒక పూట టైము.

పర్లాకిమిడి ట్రాక్టర్:

సెల్ఫ్ కొట్టడం కంటే మంచి మార్గం ఇంకోటి ఉంది, మా ఊళ్లో ట్రాక్టర్ ఇంజన్లకి ఇదే చేస్తాం. అసలు ఇంజన్ తిప్పకుండానే బయట నుంచి ప్రెషర్‌తో ఆయిల్ ఎక్కించడం. చేలో మందు కొట్టే స్ప్రేయర్ ఉంటుంది కదా, చేత్తో గాలి కొట్టి పెట్టుకునే రకం, అది కొత్తది ఒకటి కొనండి. వాడినది వద్దే వద్దు, ఎన్నిసార్లు కడిగినా పురుగుమందు వాసన పోదు, అలాంటిది బేరింగుల్లోకి పంపడమేంటి. స్ప్రేయర్ ముందరి నాజిల్ తీసేసి గొట్టాన్ని ఆయిల్ స్విచ్ కన్నానికి నిపుల్‌తో బిగించి క్లిప్పు వేయండి. డబ్బాలో ఇంజన్‌కి వాడబోయే 15డబ్ల్యూ-40 ఆయిలే పోసి గాలి కొట్టండి. ఆ కన్నం మెయిన్ గ్యాలరీలోకి, అంటే బ్లాకు లోపల ఆయిల్ పారే పెద్ద దారిలోకి ఉంటుంది కాబట్టి ఆయిల్ అక్కడి నుంచి మెయిన్ బేరింగులకి, క్రాంకు లోపలి కన్నాల ద్వారా బిగ్ ఎండ్లకి (కనెక్టింగ్ రాడ్ బేరింగులకి), క్యామ్‌కి, పైకి రాకర్లకి చేరుతుంది. లోపల బుడబుడమని గాలి బయటికి వచ్చే చప్పుడు వినపడుతుంది, తర్వాత అది ఆగిపోయి ఛాంబర్‌లోకి ఆయిల్ కారే చప్పుడు మొదలవుతుంది.

ఆయిల్ వెళ్తున్నంతసేపూ ఒకరు క్రాంకు పుల్లీ నట్టుకి స్పానర్ వేసి ఇంజన్‌ని మెల్లగా తిప్పుతూ ఉండాలి, ఇంజన్ తిరిగే దిశలోనే. ఎందుకంటే చాలా ఇంజన్లలో పైకి వెళ్లే దారి క్యామ్ షాఫ్ట్ కన్నం ఎదురుగా వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. ఒకే చోట ఆపి ఎంత గాలి కొట్టినా రాకర్లకి చుక్క రాదు, మనం గ్యాలరీ మూసుకుపోయిందేమోనని మళ్లీ ఇంజన్ విప్పడానికి సిద్ధపడతాం.

ఎక్కించినదంతా చివరికి ఛాంబర్‌లోకే చేరుతుంది కాబట్టి ముందే నిండా పోయకండి. పని అయ్యాక డిప్‌స్టిక్ చూసి తక్కువైతే పోయండి, ఎక్కువైతే తీసేయండి.

సెమిలిగుడ పికప్:

చాలా థాంక్స్ అన్నలూ. నాజిల్స్ ఇంకా పెట్టలేదు. రెండు సందేహాలు. స్ప్రేయర్‌తో ఎక్కిస్తే ఇక సెల్ఫ్‌తో తిప్పక్కర్లేదా? ఇంకోటి, ఆయిల్ ఫిల్టర్ నింపి పెట్టాలా, ఖాళీగానే పెట్టాలా? మేస్త్రీ ఖాళీదే పెట్టాడు.

సునాబెడ క్వార్టర్స్:

పక్కపక్క ఊళ్లవాళ్లమే కాబట్టి చెప్పాలనిపించింది. మా సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజన్ డివిజన్ మీద బతికే ఊరు, యుద్ధ విమానాల ఇంజన్లు ఇక్కడ తయారవుతాయి, ఓవర్‌హాల్ కూడా అవుతాయి. ఇలాంటి చోట పెరిగితే ఇంజన్ పట్ల ఒక భక్తి వచ్చేస్తుంది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

స్ప్రేయర్ ఆయిల్‌ని ఫిల్టర్ తర్వాత ఉండే గ్యాలరీలోకి పంపుతుంది. బేరింగులు తడుస్తాయి, అది నిజం. కానీ ఆయిల్ పంపు ఫిల్టర్‌కి అవతల ఉంది, ఫిల్టర్ లోపలి రబ్బరు వాల్వు ఆయిల్‌ని వెనక్కి పోనివ్వదు, కాబట్టి పంపు పొడిగానే ఉండిపోవచ్చు. గేర్ పంపు అన్నది పొడిగా ఉంటే ఛాంబర్‌లోంచి ఆయిల్ లాగలేదు. గేర్లకీ బాడీకీ మధ్య సందుని ఆయిల్ మూస్తేనే అది పీల్చగలదు, లేకపోతే గాలి అటూ ఇటూ తిరగడమే. ఆ పరిస్థితిలో స్టార్ట్ చేస్తే స్ప్రేయర్‌తో ఎక్కించిన ఆయిల్ కాస్తా కారిపోయాక వెనక నుంచి ఏమీ రాదు. అందుకని రెండూ చేయాలి, ముందు స్ప్రేయర్, తర్వాత సెల్ఫ్. ఒకటే చేయగలిగితే సెల్ఫ్ చేయండి, ఎందుకంటే పంపు సొంతంగా ప్రెషర్ తెస్తోందని తేలేది దానితోనే.

పంపు బిగించే ముందే గేర్ల మధ్య వ్యాజిలిన్ నింపి పెడతారు కొందరు. అది మంచి పద్ధతి, వేడి ఆయిల్‌లో కరిగిపోతుంది. గ్రీజు మాత్రం పెట్టకూడదు, అది సరిగా కరగక ఫిల్టర్‌లోనో సన్న కన్నాల్లోనో అడ్డుపడుతుంది. మీ మేస్త్రీని అడగండి, పంపులో ఏం పెట్టాడో.

ఫిల్టర్ నింపే పెట్టండి. అయితే ఎటునుంచి పోస్తున్నామో చూడాలి. ఫిల్టర్ నోటి దగ్గర మధ్యలో మర ఉన్న పెద్ద కన్నం, చుట్టూ చిన్న కన్నాలు ఉంటాయి. చిన్న కన్నాలే ఆయిల్ లోపలికి వెళ్లే దారి, మధ్య కన్నం వడకట్టిన ఆయిల్ బయటికి వచ్చే దారి. మధ్యలో పోస్తే డబ్బాలోంచి వచ్చిన నలకలు వడకట్టకుండానే సరాసరి కొత్త బేరింగుల్లోకి పోతాయి. చిన్న కన్నాల్లో కొద్దికొద్దిగా పోసి, కాగితం పీల్చుకునేదాకా ఆగి, మళ్లీ పోయండి. ఓపిక కావాలి.

లైటు గురించి కూడా చెప్పాలి. ఆ స్విచ్ మామూలుగా 5 నుంచి 7 పిఎస్ఐ దగ్గరే లైటు ఆర్పేస్తుంది. అంటే లైటు ఆరింది కాబట్టి అంతా బాగుందని కాదు, మరీ సున్నా కాదని మాత్రమే. ఘాట్ ఎక్కే బండికి అది ఏ మూలకీ చాలదు. వేడెక్కిన ఇంజన్‌కి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పిఎస్ఐ చొప్పున ఉండాలని మెకానిక్కులు ఒక లెక్క చెబుతారు, మీ ఇంజన్ సర్వీస్ బుక్కులో ఉన్న అంకె దొరికితే దాన్నే పట్టుకోండి.

టర్బోని మర్చిపోకండి. దాని బేరింగులు ఇంజన్ బేరింగుల కంటే సున్నితం. పైన ఆయిల్ వచ్చే సన్న పైపు విప్పి ఆ కన్నంలో చిన్న సిరంజితో ఆయిల్ పోసి, గాలి వచ్చే వైపు నుంచి చక్రాన్ని వేలితో తిప్పండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ పైపు కొస మగ్గులో పెట్టి ఆయిల్ వస్తుందో లేదో చూసి అప్పుడు బిగించండి.

మన దగ్గర ఇప్పుడు చలి కూడా లెక్కలోకి వస్తుంది. 1672 మీటర్ల దేవమాలి కొండ కింద ఉన్నవాళ్లం, పొద్దున్నే ఆయిల్ బాగా చిక్కబడి ఉంటుంది, పొడి పంపు దాన్ని లాగడం ఇంకా కష్టం. డబ్బాని ఎండలో పెట్టి, మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోండి.

సెమిలిగుడ పికప్:

అన్నలూ, మధ్యాహ్నం మొదలుపెట్టాం. కొత్త స్ప్రేయర్‌తో ఆయిల్ ఎక్కించాం, పర్లాకిమిడి అన్న చెప్పినట్టే ముందు బుడబుడ చప్పుడు, తర్వాత ఛాంబర్‌లోకి కారడం వినపడింది. పుల్లీ తిప్పుతూ ఉంటే ముందర రాకర్లకి ఆయిల్ వచ్చింది, వెనక రెండింటికి చాలాసేపు రాలేదు, ఇంకో రెండు చుట్లు తిప్పాక వాటికీ వచ్చింది. అది చూసి మేస్త్రీ కూడా మెత్తబడ్డాడు. కానీ స్ప్రేయర్ తీసి గేజ్ బిగించి సెల్ఫ్ కొడితే ముల్లు కదలట్లేదు. బ్యాటరీ బాగుంది, ఇంజన్ చులాగ్గా తిరుగుతోంది, ఆపి ఆపి కొట్టాం, సున్నానే. పంపులో ఏం పెట్టావని అడిగితే కొత్త పంపు కదా, డబ్బాలోంచి తీసి అలాగే బిగించాను అన్నాడు. ఛాంబర్ దింపాలా ఇప్పుడు? ఇంజన్ బండిలో కూర్చోబెట్టేశాం, అదే నా బాధ.

సాలూరు లారీ షెడ్:

ఇంకా దింపకు, కొట్టడం కూడా ఆపు. సునాబెడ ఆయన చెప్పిన చోటే ఉంది నీ సమస్య, పంపు పొడిగా ఉంది. ఫిల్టర్ విప్పు. బ్లాకు మీద ఫిల్టర్ కూర్చునే చోట మధ్యలో మర గొట్టం, దాని పక్కన ఒక కన్నం కనపడతాయి. ఆ పక్క కన్నం పంపు నుంచి వచ్చే దారి. సిరంజికి సన్న గొట్టం తొడిగి ఆ కన్నంలోకి పట్టినంత ఆయిల్ పోసి, కాసేపు వదిలెయ్, మళ్లీ పొయ్యి. ఆయిల్ తనంతట తాను దిగి పంపు గేర్ల మీద పడాలి. పుల్లీని వెనక్కి తిప్పితే పంపు ఆయిల్‌ని కిందికి లాక్కుంటుంది, అది పాత కిటుకు, కానీ టైమింగ్ చైన్ గానీ బెల్టు గానీ ఉన్న ఇంజన్‌కి అది వద్దు, టెన్షనర్ జారితే టైమింగ్ పోయే ప్రమాదం ఉంది. నువ్వు పోసి ఆగడమే చెయ్యి.

తర్వాత ఫిల్టర్ పెట్టకుండానే కింద ట్రే పెట్టి సెల్ఫ్ కొట్టు. ఫిల్టర్ లేకపోతే దారిలో ఇరుక్కున్న గాలి అడ్డం లేకుండా బయటికి పోతుంది. ముందు నురగలాగా వస్తుంది, తర్వాత ఆయిల్ చిమ్ముతుంది, అప్పుడు ఆపి, నింపిన ఫిల్టర్ బిగించి మళ్లీ కొట్టు. ఇలా చేసినా రాకపోతే అప్పుడు ఛాంబర్ దింపాల్సిందే. పీల్చే గొట్టం దగ్గర గ్యాస్కెట్ వేయడం మర్చిపోతేనో, ఓ-రింగ్ నలిగితేనో పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కున్నా ఇంతే. రెంటినీ కింద నుంచే చూడాలి.

పర్లాకిమిడి ట్రాక్టర్:

దానికి ముందు డిప్‌స్టిక్ ఒకసారి చూడు తమ్ముడూ. ఛాంబర్‌లో పీల్చే గొట్టం మూతి మునిగేంత ఆయిల్ లేకపోయినా ముల్లు లేవదు. నేను ముందే నిండా పోయొద్దన్నాను కాబట్టి అడుగుతున్నాను.

సెమిలిగుడ పికప్:

వచ్చింది అన్నా! డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ మార్కుల మధ్యలోనే ఉంది. ఫిల్టర్ తీసి పక్క కన్నంలో సిరంజితో పోస్తే మొదట గటగటా తాగేసింది, తర్వాత నిండి నిలబడింది. టీ తాగి వచ్చి చూస్తే మళ్లీ తగ్గింది, ఇంకొంచెం పోశాం. సెల్ఫ్ కొడితే ముందు తెల్లటి నురగ, ఆ వెంటనే బొటనవేలు లావున ఆయిల్ ట్రేలోకి దూకింది. ఫిల్టర్ నింపి బిగించి కొడితే ముల్లు మెల్లగా వణుకుతూ లేచి 25 దాటి నిలబడింది, ఒట్టి సెల్ఫ్ స్పీడుకే. టర్బో పైపులో కూడా ఆయిల్ వచ్చింది. షెడ్‌లో అందరం ఆ ముల్లు చుట్టూనే నిలబడ్డాం.

రేపు నాజిల్స్ పెట్టి డీజిల్ లైన్ గాలి తీసి స్టార్ట్ చేస్తాం. స్టార్ట్ అయ్యాక ఏం చూడాలి? ఎంతసేపు స్లోలో ఉంచాలి?

సాలూరు లారీ షెడ్:

బాగుంది తమ్ముడూ. నాజిల్ కింద రాగి వాషర్లు కొత్తవే వెయ్యి. గాలి తీసేటప్పుడు నాజిల్ పైపు నట్టు దగ్గర చెయ్యి అడ్డం పెట్టొద్దు, అక్కడ చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ప్రెషర్‌తో ఉంటుంది, గుడ్డ చుట్టి దూరంగా ఉండండి. రాత్రంతా గడుస్తుంది కాబట్టి పొద్దున స్టాప్ లివర్ లాగి పట్టుకుని ఇంకోసారి సెల్ఫ్ కొట్టి ముల్లు లేచాకే లివర్ వదులు.

స్టార్ట్ అయిన వెంటనే రేస్ చేయొద్దు, ముల్లు చూస్తూ ఉండు. ప్రెషర్ నిలబడకపోతే ఎందుకని ఆలోచించకుండా అప్పుడే ఆపెయ్. నిలబడితే లీకులు, నీళ్లు చూసుకుని వేడెక్కనివ్వు. గంటల తరబడి స్లోలో వదిలే అలవాటు కొందరికి ఉంది, అది కొత్త రింగులకి మంచిది కాదు. డీజిల్ ఇంజన్‌కి కొంచెం లోడు పడితేనే రింగులు లైనర్‌కి ఒరుసుకుని కూర్చుంటాయి, లేకపోతే లైనర్ గాజులా నున్నబడి మళ్లీ ఆయిల్ తాగుతుంది. ఇంజన్ వేడెక్కాక రోడ్డు మీదికి తీసి స్పీడు మారుస్తూ తిప్పు.

సునాబెడ క్వార్టర్స్:

మెకానికల్ గేజ్‌ని తీసేయకండి, టీ (T) ఆకారం నిపుల్ వేసి లైటు స్విచ్, గేజ్ రెండూ ఉండేట్టు చేయించండి. ఘాట్ రోడ్డు బండికి అది ఉండాలి.

పర్లాకిమిడి ట్రాక్టర్:

మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 కిలోమీటర్లకే మార్చెయ్. పాతది ఒంపేటప్పుడు శుభ్రమైన తెల్ల గుడ్డలో వడకట్టి చూడు. సన్నటి నల్లటి పొడి కొంచెం ఉంటే అది రింగులు ఒరుసుకున్నది. తళతళలాడే రేకులు గానీ రాగి రంగు గానీ కనపడితే బండి ఆపి బేరింగులు చూపించు.

సెమిలిగుడ పికప్:

స్టార్ట్ అయింది. చల్లగా ఉన్నప్పుడు 55, వేడెక్కాక స్లోలో 20 చూపిస్తోంది. పొగ లేదు. ఈ శుక్రవారం కుందులి నుంచి సగం లోడే ఎత్తుతాను, పొట్టంగి దాకా వేసి వెనక్కి వచ్చేస్తాను, ఘాట్ వచ్చే వారం. టీ నిపుల్ మేస్త్రీయే వెతికి తెచ్చాడు, రేపు బిగిస్తున్నాడు. పక్క షెడ్‌లో ఇంకో ఇంజన్ పని నడుస్తోంది, స్ప్రేయర్ వాళ్లు అడిగితే ఇచ్చాను.